రోల్ నంబరులో ముందిద్దరు, వెనకిద్దరు

కాలేజీలు తెరిచి నెల దాటింది. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే మొర: కొత్త చోట నోరు పెగలడం లేదని. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మాది ఉదయగిరి వైపు పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు నెల్లూరులో బీఎస్సీ మొదటి సంవత్సరం. నెల రోజులైనా క్లాసులో ఎవరితోనూ మాట కలవలేదు. హాజరు పిలిచేటప్పుడు ‘ప్రెజెంట్ సర్’ అనడానికి కూడా గుండె దడదడలాడుతుంది. అందరూ అప్పుడే జట్లు కట్టేశారు. ఇంక నేను ఎట్టా కలిసేది?

జవాబు: నెలకే జట్లు కుదిరిపోయాయన్న భయాన్ని ముందు పక్కన పెట్టండి. మొదటి నెలలో ఎవరు ఎవరితో తిరుగుతున్నారో గమనించారా? ఒకే జూనియర్ కాలేజీ నుంచి వచ్చినవాళ్లు, ఒకే బస్సు దిగేవాళ్లు, మొదటి రోజు ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు. కొత్త చోట వాళ్లకూ బెరుకే, అందుకే తెలిసిన ముఖాన్ని వదలరు. ల్యాబ్ బ్యాచ్‌లు వేసి, మొదటి మిడ్ పరీక్షలు వచ్చేసరికి ఆ జట్లు చాలావరకు సడలిపోతాయి. నోట్స్ ఎవరి దగ్గరుంది, రికార్డు ఎవరు రాశారు అన్నదాన్ని బట్టి మళ్లీ కొత్తగా కలుస్తాయి. మీకు సమయం మించిపోలేదు.

క్లాసులో అరవై మంది ఉంటే అరవై మందినీ తలుచుకుని హడలిపోవద్దు. మీ రోల్ నంబరుకు ముందున్న ఇద్దరు, వెనకున్న ఇద్దరు, ప్రస్తుతానికి ఆ నలుగురే మీకు లెక్క. ల్యాబ్ బ్యాచ్‌లు సాధారణంగా రోల్ నంబరు వరసనే వేస్తారు. అసైన్‌మెంట్లు, సెమినార్ తేదీలు పంచినా ఎక్కువగా అదే వరస. పరీక్ష హాలు బయట నంబరు వెతుక్కునేటప్పుడు కూడా మీ పక్కన నిలబడేది వాళ్లే. ఏడాది పొడవునా ఎలాగూ వాళ్ల పక్కన ఉండక తప్పదు కాబట్టి పరిచయం అక్కడే మొదలుపెట్టండి.

సిగ్గరికి ల్యాబ్‌ని మించిన చోటు లేదని మా గట్టి నమ్మకం. ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపే టైట్రేషన్‌లో ఒకరు బ్యూరెట్ (కొలత గొట్టం) కాక్ తిప్పుతుంటే ఇంకొకరు రీడింగ్ రాయాలి. ‘ఎంత?’ అంటే ‘పన్నెండు పాయింట్ నాలుగు’ అంటారు. ‘ఇంకోసారి చూద్దామా, రంగు ఎక్కువైనట్టుంది’ అంటారు. ఇక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడరు, అందరి కళ్లూ ఫ్లాస్కు మీదే. మాట్లాడాలని మాట్లాడటం కష్టం గానీ పని మధ్యలో మాట దానంతటదే వస్తుంది. అలాంటి రెండు మూడు ల్యాబ్‌లు గడిచాక కారిడార్‌లో ఎదురుపడితే తల ఊపడం పెద్ద సంగతిగా ఉండదు.

ల్యాబ్ బయట మొదటి మాట ఎప్పుడూ చిన్న అవసరం మీద ఉండాలి. అవతలివాళ్లు అర నిమిషంలో జవాబు చెప్పేయగలగాలి. ‘రేపు రికార్డు తేవాలా, అబ్జర్వేషన్ చాలా?’ అని అడగొచ్చు. ‘నిన్నటి ఫిజిక్స్ నోట్స్ ఒకసారి ఇస్తావా, మధ్యాహ్నానికి తెచ్చిస్తా’ అనొచ్చు. రెండోది ఇంకా మంచిది, ఎందుకంటే తిరిగి ఇచ్చేటప్పుడు రెండో మాట కూడా కుదురుతుంది. చెప్పిన వేళకే ఇవ్వండి. పేజీ మూల కూడా నలగకుండా ఇచ్చినవాడికి ఆ నోట్స్ మళ్లీ దొరుకుతుంది. వాళ్ల పేర్లు, ఊళ్లు నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. పేరు పెట్టి పిలవగలిగితే సగం బెరుకు అప్పుడే పోతుంది.

ఇందులో మామూలుగా జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ‘నన్ను పలకరించొద్దు’ అని బోర్డు కట్టుకున్నట్టే. విరామంలో ఫోన్ తెరవడమూ అంతే. వెనక బెంచీ హాయిగా ఉంటుంది గానీ అక్కడ కూర్చుంటే క్లాసుకు ప్రేక్షకుడిగా మిగిలిపోతారు. మొదటి బెంచీలో కూర్చుంటే వీపు వెనక అందరూ చూస్తున్నట్టు ఉంటుంది. రెండో వరసో మూడో వరసో, అంచున సీటు చూసుకుని రెండు వారాలు అక్కడే కూర్చోండి. రోజూ అదే చోట అదే మనిషి కనిపిస్తే చుట్టుపక్కలవాళ్లు మీకూ, మీరు వాళ్లకూ అలవాటైపోతారు. పరిచయంలో సగం పని ఈ అలవాటే చేస్తుంది.

ఇక హాజరు సంగతి. పేరు పిలిచినప్పటి కంటే పిలుస్తారేమోనని ఎదురుచూసేటప్పుడే దడ ఎక్కువ. మీకంటే మూడు నంబర్ల ముందు ఊపిరి నెమ్మదిగా బయటికి వదలడం మొదలుపెట్టండి. నంబరు రాగానే చెయ్యి ఎత్తుతూ పలకండి, చూపు క్లాసు మీద కాకుండా రిజిస్టరు మీద ఉంచండి. గొంతు సరిగా రాకపోయినా చెయ్యి కనబడుతుంది. అయినా ఆబ్సెంట్ పడితే ఆ పీరియడ్ అయిన వెంటనే టేబుల్ దగ్గరకు వెళ్లి దిద్దించుకోండి. నాలుగు రోజులు పోయాక దిద్దించడం ఎవరికైనా ఇబ్బందే.

తెలుగు మీడియం గురించి కూడా ఒక మాట. రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ 2021-22 నుంచి ఇంగ్లీషు మీడియంలోకి మారాయి, కాబట్టి ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. రేపు చెప్పబోయే పాఠాన్ని ఈ రాత్రి పదిహేను నిమిషాలు తెలుగు అకాడమీ పుస్తకంలో చదవండి. తర్వాత ఇంగ్లీషు పుస్తకంలో అదే అధ్యాయం శీర్షికలు మాత్రం చూసి, కొత్త పదాలు పది పైకి పలికి రాసుకోండి. క్లాసులో ఆ పదం వినబడగానే చెవి పట్టుకుంటుంది. సందేహం ఉంటే పీరియడ్ అయ్యాక నోట్‌బుక్ తెరిచి, ఆగిపోయిన లైను మీద వేలు పెట్టి చూపించండి. ‘సార్, ఇక్కడిదాకా వచ్చింది, ఈ మెట్టు రాలేదు’ అని తెలుగులో అడిగినా చాలు. ‘అసలేమీ అర్థం కాలేదు సార్’ అంటే ఎక్కడి నుంచి చెప్పాలో వారికీ తోచదు.

ప్రశ్న: మా అమ్మాయి ఒంగోలులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మాది దర్శి దగ్గర. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఏడుస్తుంది, శనివారం వచ్చిందంటే సోమవారం పోనంటుంది. మెస్‌లో ఒంటరిగా కూర్చోలేక రెండు పూటలు బిస్కెట్లతో సరిపెడుతోంది. ఇంటికి తెచ్చేసుకుందామా?

జవాబు: అమ్మా, ఇప్పుడే తెచ్చేయకండి. తల్లిని వదిలి ఉండటం అలవాటు కావడానికి చాలామంది పిల్లలకు కొన్ని వారాలు పడుతుంది. దర్శి నుంచి ఒంగోలు దగ్గరే కాబట్టి వారం వారం రావడం తేలిక. చిక్కు కూడా అక్కడే ఉంది. హాస్టల్లో స్నేహాలు కుదిరేది ఆదివారమే. ఆ రోజే గదిలో బట్టలు ఉతుకుతూ, తలకు నూనె రాసుకుంటూ, బజారుకు పోయొస్తూ దగ్గరవుతారు. ఆ రోజే మీ పాప అక్కడ ఉండదు. ఇకనుంచి రెండు వారాలకొకసారి రమ్మనండి. మధ్యలో ఒక ఆదివారం మీరే వెళ్లి రెండు గంటలు కూర్చుని రండి.

ఫోన్ వేళ మార్చండి. పొద్దు కుంకే వేళ బెంగ ఎక్కువగా ఉంటుంది, అప్పుడు మీ గొంతు వింటే కట్ట తెగుతుంది. రాత్రి భోజనం అయ్యాక, ఎనిమిదిన్నర ప్రాంతంలో, ఇరవై నిమిషాలు చాలు. ‘ఏడుస్తున్నావా తల్లీ’ అని అడిగితే ఏడుపే వస్తుంది. ‘పక్క మంచం అమ్మాయిది ఏ ఊరు? ఈ రోజు కూర ఏంటి? రేపు మొదటి పీరియడ్ ఎవరిది?’ అని అడగండి. పక్క మంచం అమ్మాయి ఊరు తెలియదంటే, కనుక్కుని రేపు చెప్పమనండి. ఆ చిన్న పని మీద ఆ పిల్లతో ఒక మాట కలుస్తుంది.

మెస్‌కు గంట కొట్టిన మొదటి పది నిమిషాల్లోనే వెళ్లమనండి. ఆలస్యంగా పోతే టేబుళ్లన్నీ జట్లతో నిండి ఉంటాయి, పళ్లెం పట్టుకుని నిలబడి చూడాల్సి వస్తుంది. సిగ్గరులను బిస్కెట్ల మీద బతికించేది ఆ అర నిమిషమే. ముందే వెళ్తే ఖాళీ టేబుల్ వెతకొద్దు, సగం నిండిన టేబుల్ చివర కూర్చోవాలి. ‘ఇక్కడ ఎవరన్నా ఉన్నారా?’ అన్న ఒక్క మాట చాలు, మిగిలిన భోజనమంతా మాట్లాడకపోయినా ఫరవాలేదు.

మీరు చేయగలిగింది ఇంకొకటి ఉంది. పావుకిలో గోంగూర పచ్చడి, ఓ చిన్న డబ్బా కందిపొడి పంపండి. సీసాను పళ్లెం పక్కన దాచుకోకుండా టేబుల్ మధ్యలో పెట్టమనండి. మెస్ కూర చప్పగా ఉన్న రోజున ఆ సీసా వైపు చెయ్యి చాపని పిల్ల ఉండదు. పావుకిలోకు మించి పంపకండి. పదిమంది చేతుల్లో తడి చెంచా పడితే బూజు పడుతుంది. పైన ఒక వేలు మందం నూనె తేలేలా పోసి, పొడి చెంచా ఒకటి సీసాకే కట్టి పంపండి.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు పైగా నిద్ర లేకుండా, తిండి తినకుండా, క్లాసుకు పోకుండా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా వార్డెన్‌తో మాట్లాడి డాక్టరుకు చూపించండి. ‘బతకాలని లేదు’ లాంటి మాట ఒక్కటి వినబడ్డా ఆ రోజే బయల్దేరి పాప పక్కన ఉండండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, ఒంగోలు. వారానికొక రోజు సెమినార్. నా వంతు వస్తుందేమోనని ఆ రోజు కాలేజీకే పోవడం లేదు. ఇది ఎంతకాలం నడుస్తుంది?

జవాబు: ఎంతకాలమో లెక్క కట్టి చూడండి. సెమిస్టరుకు సుమారు 90 పనిదినాలు అనుకుంటే 75 శాతం హాజరుకు మీరు మానగలిగేది 22 రోజులు. వారానికో రోజు చొప్పున పదిహేను వారాల్లో 15 రోజులు సెమినార్ భయానికే పోతాయి. ఒక జ్వరం, ఒక పెళ్లి, సంక్రాంతి ముందు రెండు రోజులు కలిస్తే గీత దాటినట్టే. జేఎన్‌టీయూ పద్ధతిలో 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవాళ్లకు అనారోగ్యం లాంటి కారణం చూపితే, రుసుము కట్టించుకుని మినహాయింపు ఇవ్వొచ్చు. 65 కంటే తగ్గితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. సెమినార్ భయం ఆ కారణాల్లోకి రాదు.

మానిన ప్రతిసారీ భయం పెరుగుతుంది కూడా. ఇంట్లో ఉండిపోగానే గుండె నెమ్మదిస్తుంది కదా, అందుకే తప్పించుకోవడమే మందు అని ఒంటికి అలవాటవుతుంది. లేచి నిలబడ్డవాడికి మొదటి నిమిషం, ఒకటిన్నర నిమిషం దడ ఎక్కువగా ఉండి తర్వాత దానంతటదే దిగుతుంది. ఆ దిగడాన్ని ఒంటికి ఒక్కసారైనా చూపించాలి.

కాబట్టి వంతు కోసం ఎదురుచూడకుండా లెక్చరర్ దగ్గరకు వెళ్లి ముందే తేదీ అడగండి, ఆ రోజు మొదటి వంతో రెండో వంతో మీకే ఇవ్వమనండి. చివరి వంతు తీసుకుంటే గంటసేపు చెమటలు పట్టడమే మిగులుతుంది. ఐదు నిమిషాల సెమినార్‌కు ఇంగ్లీషులో 500 పదాలు సరిపోతాయి, చేతిరాతలో రెండు పేజీల పైచిలుకు. ఆ కాగితాలు పట్టుకుని మాత్రం నిలబడకండి. చెయ్యి కొద్దిగా వణికినా ఏ4 కాగితం రెపరెపలాడి వెనక బెంచీదాకా కనబడుతుంది, అది చూసి మీకు వణుకు ఇంకా ఎక్కువవుతుంది. పాత పెళ్లి శుభలేఖ అట్టల్ని పోస్టుకార్డు సైజుకు కత్తిరించి, ఒక్కో అట్ట మీద మూడు నాలుగు ముక్కలు మాత్రం రాయండి. ఐదు అట్టలు చాలు. ప్రతి అట్ట కింద ఎర్ర సిరాతో ‘ఆగు’ అని రాసుకోండి. భయంలో వేగం పెరిగి ఐదు నిమిషాలది మూడున్నరకే అయిపోతుంది, ఆ మాట పగ్గంలా పనిచేస్తుంది.

మొదటి రెండు వాక్యాలు మాత్రం కంఠతా పట్టండి. మిగతాది పట్టొద్దు, మధ్యలో ఒక మాట జారితే మొత్తం దారం తెగిపోతుంది. సాధన నిలబడి, గొంతెత్తి చేయాలి. మనసులో చదువుకుంటే పెదవికి ఆ పదాలు అలవాటు కావు, ‘థర్మోడైనమిక్స్’ దగ్గరే నాలుక తడబడుతుంది. ఒకసారి గోడ ముందు, ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ, ఒకసారి రూమ్మేట్ ముందు. ఎక్కేముందు రెండు నిమిషాలు, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలండి. ఆ ఉదయం రెండో టీ వద్దు.

ఇక వైవాలో, అంటే ల్యాబ్ నోటి పరీక్షలో, మౌనంగా ఉండిపోతే తెలియదనే మార్కులు వేస్తారు. జవాబు సగమే తెలిస్తే సగమే చెప్పండి. ‘ఫార్ములా తెలుసు సార్, డెరివేషన్ గుర్తు రావడం లేదు’ అన్న మాటకు కూడా ఎంతో కొంత విలువ ఉంటుంది. ఎక్కువగా అడిగేవి ప్రయోగం ఉద్దేశం, సూత్రం, వాడిన పరికరాల పేర్లు, జాగ్రత్తలు. రికార్డులో ఈ నాలుగూ మీ చేత్తో రాసినవే కాబట్టి ముందురోజు రాత్రి వాటినే పైకి చదవండి.

ప్రశ్న: సీనియర్లు వాట్సాప్ గ్రూపులో చేర్చి రాత్రి పదకొండు తర్వాత వీడియోలో పరిచయం చేసుకోమంటున్నారు, పాడమంటున్నారు. ఫ్రెషర్స్ డే కూడా దగ్గరపడింది. రెంటికీ భయమే.

జవాబు: ఈ రెండూ ఒకటి కాదు. మొదటిది ర్యాగింగ్. ఫోన్‌లో చేసినా ర్యాగింగే. మన రాష్ట్రంలో దీనికి 1997 నుంచి చట్టం ఉంది. గేలి చేసి అవమానించినా ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఫిర్యాదు అందీ కాలేజీ పెద్దలు పట్టించుకోకపోతే వాళ్లు నేరానికి తోడ్పడినట్టే చట్టం చూస్తుంది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో యాంటీ ర్యాగింగ్ కమిటీ ఉండాలి. గ్రూపు నుంచి బయటికి వచ్చే ముందే మెసేజ్‌లు, నంబర్లు, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లో ఒకరికి పంపండి. బయటికి వచ్చేశాక పాత మెసేజ్‌లు తుడిచేస్తే సాక్ష్యం పోతుంది. తర్వాత కమిటీకి గానీ, 24 గంటలూ పనిచేసే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరుకు గానీ చెప్పండి. సిగ్గరులనే ఎంచుకుంటారు, ఎందుకంటే వీళ్లు ఎవరికీ చెప్పరని వాళ్ల ధీమా. దయచేసి చెప్పండి.

ఫ్రెషర్స్ డేకు మూడు వాక్యాలు చాలు: పేరు, ఊరు, ఇంటర్‌లో చదివిన గ్రూపు. మైకును నోటికి బెత్తెడు దూరంలో పట్టుకోండి. డ్యాన్స్ చేయమంటే ‘నాకు రాదండి, థాంక్యూ’ అని మైకు ఇచ్చి దిగిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న: నాకున్నది సిగ్గా, జబ్బా?

జవాబు: బిడియం జబ్బు కాదు. కొత్తవాళ్లతో తడబడి, నాలుగైదు సార్లు కలిశాక తేలికపడుతుంటే అది మీ స్వభావం, దాంతోనే చదువుకోవచ్చు, ఉద్యోగమూ చేయొచ్చు. ఆర్నెల్లయినా తగ్గకుండా, నలుగురి ముందు తినలేక, బాత్రూముకు వెళ్తానని అడగలేక, పరీక్షలు, వైవాలు వదిలేసుకునేదాకా వస్తే దాన్ని సోషల్ యాంగ్జయిటీ అంటారు. మాటలతో చేసే చికిత్సా ఉంది, మందులూ ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లొచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పడమే కష్టమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: కావలి నుంచి రోజూ రైల్లో నెల్లూరు, అక్కడి నుంచి బస్సులో కాకుటూరు విక్రమ సింహపురి యూనివర్సిటీకి వస్తాను. పీజీ మొదటి ఏడాది. క్లాసు అవగానే రైలుకు పరుగు. హాస్టల్ వాళ్లంతా ఒకటైపోయారు, నేను బయటివాడిలా మిగిలాను.

జవాబు: మీకు తక్కువైంది వేళ. రెండు కొసల్లో కొంచెం కొంచెం దాన్ని సంపాదించాలి. పొద్దున క్లాసుకు ఇరవై నిమిషాల ముందు డిపార్ట్‌మెంట్ వరండాలో ఉండేలా ఒక బస్సు ముందు పట్టుకోండి. హాస్టల్ వాళ్లు టిఫిను చేసి వచ్చి తీరిగ్గా నిలబడేది అప్పుడే. సాయంత్రం వారంలో ఒక్క రోజు, ఎప్పుడూ అదే రోజు, ఒక రైలు వదిలేసి తర్వాతిది ఎక్కండి. ఆ గంటా లైబ్రరీలో అదే టేబుల్ దగ్గర ఉండండి. బుధవారం ఉంటాడని తెలిస్తే వాళ్లే ‘బుధవారం కలిసి చదువుదాం’ అంటారు. ఆ రైలు ఆలస్యమైతే రాత్రికి ఇల్లు చేరే దారి ఏమిటో ముందే చూసుకోండి.

ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ ఉంటే పేరు ఇవ్వండి. ఏడాదికి 120 గంటల సేవ, వారం రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. ఏడు రోజులు ఒకే పల్లెలో గుంతలు తవ్వి, మొక్కలు నాటి, ఒకే వంటశాల దగ్గర బంతిలో తిన్నాక హాస్టల్ వాడెవరో, రైలు వాడెవరో ఎవరికీ గుర్తుండదు. శిబిరం తేదీలు తెలియగానే ఇంట్లో చెప్పి ఒప్పించుకోండి, చివరి నిమిషంలో అడిగితే వద్దంటారు.

రైలునూ వదులుకోకండి. రోజూ అదే పెట్టె, వీలైతే అదే తలుపు దగ్గర ఎక్కండి. సీజన్ టికెట్ మీద తిరిగే విద్యార్థులు మీ పెట్టెలోనూ ఉంటారు. బిట్రగుంట దాటేలోపు ‘ఏ కాలేజీ?’ అని ఒకరిని అడగండి.